ఐదు రూపాయల బిళ్ల, పల్లికాయ, పరమాణువు బరువు

నల్లగొండలో గానీ జడ్చర్లలో గానీ ఏ కిరాణా కొట్టు గల్లాపెట్టె తెరిచినా ఐదు రూపాయల బిళ్లలు రకరకాలు కనిపిస్తాయి. లావుగా, తెల్లగా ఉండే పాత రాగి-నికెల్ బిళ్ల 9 గ్రాములు తూగుతుంది. 2007లో వచ్చిన స్టీలు బిళ్ల, దాని వెనకే వచ్చిన పచ్చటి ఇత్తడి రంగు బిళ్ల 6 గ్రాములే. 2019 వరసలోది 6.74 గ్రాములు. దేనికైనా వచ్చేది ఐదు రూపాయల సరుకే. కొట్టాయనకు ఈ తేడాతో పనిలేదు, కాంటాకు మాత్రం తెలుస్తుంది. ప్రకృతిలో చాలా మూలకాలు ఇలాగే ఉంటాయి. పేరు ఒకటే, రసాయనిక ప్రవర్తన దాదాపు ఒకటే, బరువు మాత్రం వేరు. అలాంటి పరమాణువులను ఐసోటోపులంటారు.

మూలకానికి పేరు పెట్టేది దాని కేంద్రకంలోని ప్రోటాన్ల సంఖ్య. ప్రోటాన్లు 17 ఉంటే అది క్లోరిన్, ఇంకోటి కావడానికి వీల్లేదు. ప్రోటాన్లతోపాటు కేంద్రకంలో ఉండే న్యూట్రాన్లకు అంత కట్టుబాటు లేదు. క్లోరిన్ పరమాణువుల్లో కొన్నిటికి 18, కొన్నిటికి 20 న్యూట్రాన్లుంటాయి. మొదటిది క్లోరిన్-35, రెండోది క్లోరిన్-37. సముద్రపు ఉప్పులోనైనా, బ్లీచింగ్ పౌడరులోనైనా ఇవి సుమారు 75.8, 24.2 శాతం పాళ్లలో కలిసే ఉంటాయి. ఆ పాళ్లను లెక్కలోకి తీసుకొని కట్టిన సగటు 35.45. ఆవర్తన పట్టికలో క్లోరిన్ గడిలో అచ్చయ్యే అంకె అదే. 35.45 ప్రమాణాల బరువున్న క్లోరిన్ పరమాణువు లోకంలో ఒక్కటి కూడా లేదు.

తొమ్మిదో తరగతి పిల్లలు తడబడేది ఇక్కడే. 35.45ను కొందరు క్లోరిన్ పరమాణువు బరువు అనుకుంటారు. ఇంకొందరు 35, 37 కూడి రెండుతో భాగించి 36 అంటారు. నిర్వచనం కంఠతా వచ్చినా ఈ తికమక పోదు. పరమాణువు కంటికి కనపడదు కాబట్టి, చేతికందే వస్తువులతో ఆ సంగతి చూపించే పద్ధతులు ప్రపంచమంతటా పుట్టాయి. అమెరికా బడుల్లో ఒక సెంటు నాణేలు తూస్తారు. 1982లో అక్కడి టంకశాల రాగి నాణెం మానేసి జింకు నాణెం మొదలుపెట్టింది. దాంతో సుమారు 3.1 గ్రాముల నాణెం 2.5 గ్రాములకు తగ్గింది. చిక్కుడు గింజలు, రంగురంగుల చాక్లెట్ బిళ్లలు కూడా వాడతారు. దక్షిణ తెలంగాణ మెట్ట ప్రాంతంలో, అంటే పాత నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో, ఈ పాఠానికి కావలసిన సామగ్రి అంగడిలోనూ, చేనులోనూ దొరుకుతుంది. అంతకుమించి, ఐసోటోపులు ఈ నేల చరిత్రలోనే ఉన్నాయి.

మాట ఎలా వచ్చింది

పరమాణువుల బరువులన్నీ హైడ్రోజన్ బరువుకు నిండు గుణిజాలై ఉండాలని 1815లో విలియం ప్రౌట్ అన్నాడు. చాలా మూలకాలు ఆ లెక్కకు దగ్గరగానే వచ్చాయి గానీ క్లోరిన్ ముప్పై అయిదున్నర దగ్గర మొండికేసింది. వందేళ్లదాకా ఆ అర ఎందుకొచ్చిందో ఎవరికీ అంతుపట్టలేదు. 1913లో ఫ్రెడరిక్ సాడీ, రేడియోధార్మిక పదార్థాలపై పనిచేస్తూ, ఆవర్తన పట్టికలో ఒకే గడిలో కూర్చోవలసిన వేర్వేరు బరువుల పరమాణువులున్నాయని తేల్చాడు. వాటికి పేరు సూచించింది మార్గరెట్ టాడ్ అనే వైద్యురాలు. గ్రీకులో ఐసో అంటే సమానం, టోపోస్ అంటే చోటు. తెలుగులో సమస్థానీయం అన్న మాట ఆ అర్థాన్ని పట్టుకొనే వచ్చింది. తరగతి గదిలో మాత్రం ఐసోటోపే నిలిచింది. 1919లో ఫ్రాన్సిస్ ఆస్టన్ తన ద్రవ్యరాశి వర్ణపటమాపకంతో నియాన్‌ను 20, 22గా విడగొట్టి చూపాడు, క్లోరిన్ చిక్కుముడి కూడా విప్పాడు. సాడీకి 1921 నోబెల్, ఆస్టన్‌కు 1922 నోబెల్ వచ్చాయి. విచిత్రమేమిటంటే అప్పటికి న్యూట్రాన్ సంగతి ఎవరికీ తెలియదు. దాన్ని జేమ్స్ చాడ్విక్ కనిపెట్టింది 1932లో. తేడా ఉందని ముందు తేలింది, తేడాకు కారణం పంతొమ్మిదేళ్ల తరవాత దొరికింది.

గింజలు కలిపితే పాఠం తప్పుతుంది

ఐసోటోపుల పాఠానికి ఎక్కువ మంది ఎంచుకునే నమూనా మూడు రకాల పప్పుగింజలు. కందులు, పెసర్లు, శనగలు కలిపి గిన్నెలో పోసి, ఏరి, తూచి, సగటు కట్టమంటారు. లెక్క సరిగ్గానే వస్తుంది, భావం మాత్రం తలకిందులవుతుంది. కంది వేరు, పెసర వేరు. వండితే రుచి వేరు, నాటితే మొక్క వేరు. రసాయనంలో అలాంటి వాటిని వేర్వేరు మూలకాలంటారు. ఐసోటోపుకు పోలిక చెప్పాలంటే ముందు పేరు ఒకటే ఉండాలి, పని ఒకటే ఉండాలి. ఈ షరతుకు కందిపప్పు, పెసరపప్పు మిశ్రమం నిలవదు. ఐదు రూపాయల బిళ్ల నిలుస్తుంది.

ఇరవై బిళ్లలతో లెక్క మొదలుపెట్టవచ్చు. నాలుగు లావు బిళ్లలు, పదహారు 6 గ్రాముల బిళ్లలు ఉన్నాయనుకుందాం. లావువి 36 గ్రాములు, మిగతావి 96 గ్రాములు, మొత్తం 132. ఇరవైతో భాగిస్తే 6.6 గ్రాములు. 9, 6 కూడి రెండుతో భాగించిన పిల్లవాడికి 7.5 వస్తుంది. అతని జవాబు తప్పని చెప్పనక్కర్లేదు. ఇరవై బిళ్లలనూ ఒక్కసారే కాంటా మీద పెడితే చాలు. 7.5 నిజమైతే 150 గ్రాములు తూగాలి, కాంటా 132 దగ్గరే ఆగుతుంది. ఎన్నున్నాయో చూడకుండా కట్టిన సగటుకు విలువ లేదని తూకమే చెబుతుంది. గణితంలో దీన్ని భారిత సగటు అంటారు.

లెక్కను తిరగేస్తే ఇంకా రుచిగా ఉంటుంది. మూతి కట్టిన సంచిలో వంద బిళ్లలున్నాయి, సంచి బరువు తీసేస్తే 660 గ్రాములు. లావువి ఎన్ని? అన్నీ తేలికవే అయితే 600 తూగాలి. ఎక్కువొచ్చిన 60 గ్రాములు లావు బిళ్లల పుణ్యం. ఒక్కోటి 3 గ్రాములు ఎక్కువ కాబట్టి అవి ఇరవై. సంచి విప్పకుండానే లోపలి పాళ్లు తెలిశాయి. రాగి సగటు 63.55 అని ఇచ్చి, రాగి-63, రాగి-65 ఎంతెంత శాతం ఉన్నాయని అడిగే పరీక్ష ప్రశ్న ఈ సంచి లెక్కే. నిండు ద్రవ్యరాశి సంఖ్యలు కాక ఆ ఐసోటోపుల అసలు బరువులు పెట్టి కడితే జవాబు సుమారు 69, 31. అన్నట్టు, ఆ 9 గ్రాముల పాత బిళ్లలో ముప్పాతిక వంతు రాగే. ఐసోటోపుకు నమూనాగా పెట్టిన బిళ్లలోనే రెండు ఐసోటోపుల రాగి కూర్చుంది.

నిజం బిళ్లలు తూస్తే లెక్క అచ్చంగా కుదరదు. ఏళ్ల తరబడి చేతులు మారినది కాస్త అరిగి ఉంటుంది, ఇంకోదానికి జిడ్డంటి ఉంటుంది. వంటింటి కాంటా గ్రాము కంటే చిన్న తేడా చూపదు. వెండి, బంగారం తూచే చిన్న ఎలక్ట్రానిక్ కాంటా అయితే గ్రాములో నూరో వంతు చూపిస్తుంది. కొలతలో తేడా ఎందుకొచ్చిందని పిల్లలు అడిగితే పాఠం పక్కదారి పట్టిందని గాభరా పడనక్కర్లేదు, కొలత అనేదాని గురించి అంతకన్నా మంచి ప్రశ్న ఉండదు.

నాణేల్లోనే మరో పాఠం కూడా దాగి ఉంది. 1992 నుంచి చెలామణిలో ఉన్న స్టీలు రూపాయి బిళ్ల 25 మిల్లీమీటర్ల వెడల్పు, 4.85 గ్రాముల బరువు. 2011లో వచ్చిన రెండు రూపాయల బిళ్ల కొలతలూ అవే. చీకట్లో బస్సు కండక్టరుకు రూపాయి బదులు రెండు రూపాయలు ఇచ్చేసినవాళ్లు ఎందరో. విలువ వేరు, బరువు ఒకటే. రసాయనంలో ఇలాంటి జంటలను ఐసోబార్లంటారు. ఆర్గాన్-40, పొటాషియం-40, కాల్షియం-40 మూడూ వేర్వేరు మూలకాలు, ద్రవ్యరాశి సంఖ్య మాత్రం ఒకటే. ఐసోటోపు, ఐసోబారు ఏది ఏదో ఎప్పటికీ కలగలిపేసే పిల్లలకు ఒక చేతిలో రెండు రకాల ఐదు రూపాయల బిళ్లలు, ఇంకో చేతిలో ఈ రూపాయి-రెండు రూపాయల జంట పెడితే మళ్లీ తికమక పడరు.

పల్లికాయ లోపల

బిళ్లకు ఒక లోపముంది. తేడా ఎక్కడినుంచి వచ్చిందో అది చూపించలేదు. లోహం మారిందంతే, లోపల లెక్కపెట్టడానికేమీ లేదు. ఆ పని పల్లికాయ చేస్తుంది.

వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ వైపు చెలకల్లో పల్లి ప్రధాన పంట. కృష్ణ దగ్గరయ్యేకొద్దీ దాన్నే బుడ్డలంటారు. ఒకే చేను, ఒకే విత్తనం, ఒకే మొక్క. అయినా పీకిన చెట్టుకు ఒక గింజ కాయ ఉంటుంది, రెండు గింజల కాయ ఉంటుంది, అక్కడక్కడా మూడు గింజలదీ తగులుతుంది. నూరు కాయలు వలిచి, ఒక గింజవి 20, రెండు గింజలవి 70, మూడు గింజలవి 10 వచ్చాయనుకుంటే మొత్తం గింజలు 190. సగటున కాయకు 1.9. ఒకటి పాయింట్ తొమ్మిది గింజలున్న కాయను పట్టుకురమ్మని పిల్లలను చేనంతా తిప్పినా దొరకదు. సగటు అనేది కుప్పకు చెందిన అంకె, కాయకు చెందినది కాదని మాటల్లో చెప్పడం కంటే ఇలా వలిచి చూపడం తేలిక. పాఠం అయిపోయాక పరికరాలు తినేయవచ్చు కూడా.

మార్కెట్ యార్డులో పల్లి కొనే వ్యాపారి చేసేదీ ఇదే. కుప్పలోంచి గుప్పెడు తీసి వలుస్తాడు, గింజ ఎంత, పొట్టు ఎంత అని చూస్తాడు, దాన్నిబట్టి కుప్పంతటికీ ధర కడతాడు. రసాయన శాస్త్రజ్ఞుడు గ్రాములో కోటానుకోట్ల పరమాణువులను విడివిడిగా తూచలేక, చిటికెడు నమూనాను యంత్రంలో పెట్టి పాళ్లు తేలుస్తాడు. గుప్పెడు ఎక్కడినుంచి తీశారన్నది ఇద్దరికీ ముఖ్యమే. పై కాయలే తీస్తే ఒక లెక్క, అడుగున తీస్తే ఇంకో లెక్క వచ్చే ప్రమాదముంది. ఈ సంగతి చివర్లో మళ్లీ పనికొస్తుంది.

హైడ్రోజన్ మూడు ఐసోటోపులను చెప్పడానికి కూడా పల్లికాయ బాగానే ఉంటుంది, కానీ అక్కడ జాగ్రత్త అవసరం. మామూలు హైడ్రోజన్‌లో న్యూట్రాన్ లేదు, డ్యుటీరియంలో ఒకటి, ట్రిటియంలో రెండు. కాయల్లో రెండు గింజలదే రాజ్యం, ప్రకృతిలో మాత్రం మామూలు హైడ్రోజన్‌దే రాజ్యం. డ్యుటీరియం సుమారు 6,400 పరమాణువుల్లో ఒకటి. దీన్ని చూపించాలంటే మిర్యాలగూడ బియ్యం మేలు. నలభై మంది పిల్లలు తలా 160 గింజలు లెక్కపెడితే 6,400 అవుతాయి. ఒక్క గింజకు నల్ల సిరా పూసి కలిపేస్తే సరి, దాన్ని వెతకడానికి ఒక పీరియడు పడుతుంది. అరుదు అన్న మాటకు అర్థం వేళ్లకు తెలుస్తుంది.

పల్లికాయ బయటికే పొట్టిదో పొడుగుదో తెలిసిపోతుంది. ఐసోటోపు అలా తెలియదు. ఈ లోటు తీర్చడానికి అగ్గిపెట్టెలు సరిపోతాయి. సైకిల్ మరమ్మతు కొట్టులో దొరికే బేరింగ్ గుండ్లు ఒకే బరువులో ఉంటాయి. కొన్నిటికి ఎర్రరంగు పూస్తే ప్రోటాన్లు, పూయనివి న్యూట్రాన్లు. ఇరవై పెట్టెలు తీసుకొని, అన్నిటిలో ఐదేసి ఎర్ర గుండ్లు, నాలుగింట్లో ఐదు తెల్లవి, పదహారింట్లో ఆరు తెల్లవి వేసి మూసేయాలి. బయటికి అన్నీ ఒకటే. కాంటా మాత్రమే రెండు రకాలంటుంది. ఇది బోరాన్. ప్రకృతిలో బోరాన్-10 సుమారు ఇరవై శాతం, బోరాన్-11 ఎనభై శాతం, సగటు 10.81. పెట్టెల లెక్క 10.8 వస్తుంది.

ఇక ప్రమాణం సంగతి. కంసాలి ఒకప్పుడు బంగారాన్ని గురిగింజలతో తూచేవాడు. సుమారు 0.12 గ్రాముల ఆ ఎర్రటి గింజే రత్తి. బంగారం ఎన్ని గురిగింజలెత్తు అంటే అర్థమున్నట్టే, పరమాణువు ఎన్ని ప్రమాణాలంటే అర్థముండాలి. అక్కడి గురిగింజ కార్బన్-12. 1961లో అంతర్జాతీయ ఒప్పందంతో ఆ ఐసోటోపు బరువులో పన్నెండో వంతును ఒక ప్రమాణంగా తీసుకున్నారు. పోలిక బాగుందని గురిగింజలను తరగతిలో పంచిపెట్టకూడదు. వాటిలో ఘోరమైన విషముంది. ఎర్ర చెలకల్లో విరివిగా పండే ఆముదం గింజలదీ అదే సంగతి. రకరకాల పరిమాణాల్లో అందంగా కనిపిస్తాయి గానీ చిన్నపిల్లలు నోట్లో వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. చింతగింజలకు ఆ బాధ లేదు.

ఒంటరి మూలకం

నల్లగొండ జిల్లా పిల్లలకు ఫ్లోరిన్‌ను పరిచయం చేయాల్సిన పని లేదు. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ తరాల తరబడి పళ్లను గారపట్టించింది, ఎముకలను వంచింది. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది దేశంలోని గరిష్ఠ పరిమితి. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును అడుక్కి దింపే పద్ధతిని నాగ్‌పూర్‌లోని నీరీ సంస్థ 1970లలో రూపొందిస్తే దానికి నల్లగొండ టెక్నిక్ అన్న పేరే స్థిరపడింది. నీటి శుద్ధి పుస్తకాల్లో ఈ జిల్లా పేరు ప్రపంచమంతటా ఇలా చేరింది.

ఐసోటోపుల పాఠంలో ఫ్లోరిన్‌కు ఇంకో ప్రత్యేకత ఉంది. ప్రకృతిలో దానికి ఒకే రకం పరమాణువు, ఫ్లోరిన్-19. సగటు కట్టడానికి రెండో రకమే లేదు. సోడియం, అల్యూమినియం, భాస్వరం, బంగారం కూడా ఇలాంటి ఒంటరి మూలకాలే. మరి పట్టికలో ఫ్లోరిన్ అంకె సరిగ్గా 19 కాకుండా 18.998 ఎందుకైంది? చురుకైన విద్యార్థి ఈ ప్రశ్న అడిగి తీరతాడు. ప్రోటాన్లు, న్యూట్రాన్లు కేంద్రకంలో బిగుసుకుపోయినప్పుడు కొంత ద్రవ్యరాశి శక్తిగా బయటికి పోతుంది. ఆ పోయే పాలు కేంద్రకాన్ని బట్టి మారుతుంది. కార్బన్-12ను కొలబద్దగా పెట్టుకున్నాం కాబట్టి మిగతావన్నీ నిండు అంకెకు కాస్త అటూ ఇటూ పడతాయి. దశాంశానికి కారణాలు రెండన్నమాట. ఫ్లోరిన్‌లోని చిన్న తేడా బిగువుది, క్లోరిన్‌లోని పెద్ద తేడా మిశ్రమానిది. చాలా పాఠాలు రెండోదే చెప్పి ఊరుకుంటాయి.

ఫ్లోరిన్-18 కూడా ఉంది, కానీ అది తయారుచేసుకునేది. పెట్ స్కాన్‌లో క్యాన్సర్ జాడ పట్టడానికి వాడతారు. దాని అర్ధజీవిత కాలం 110 నిమిషాలు. హైదరాబాద్‌లో బయల్దేరదీస్తే వంద కిలోమీటర్ల దూరంలోని నల్లగొండ చేరేసరికి దాదాపు సగం తరిగిపోతుంది.

గుట్టలు చెప్పే లెక్క

భువనగిరి గుట్ట నుంచి దేవరకొండ మీదుగా పాలమూరు దాకా పరుచుకున్న ఈ గుండ్లూ గుట్టలూ ఎక్కువగా గ్రానైట్, దాని బంధువైన నైస్ శిలలు. వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. ఆ వయసు తెలిసింది ఐసోటోపుల వల్లే. ఈ రాళ్లకు గులాబీ ఛాయ ఇచ్చే ఫెల్డ్‌స్పార్‌లో పొటాషియం ఉంటుంది. పొటాషియంలో 39 రకం 93 శాతం పైగా, 41 రకం దాదాపు 7 శాతం. 40 రకం పదివేలలో ఒకటి కంటే కాస్త ఎక్కువ. ఆ కొంచెమే రేడియోధార్మికం, అర్ధజీవితం సుమారు 125 కోట్ల ఏళ్లు. అంటే ఈ రాళ్లు గట్టిపడినప్పటినుంచి రెండు అర్ధజీవితాలు గడిచాయి. అప్పుడు నాలుగు పరమాణువులున్నచోట ఇప్పుడు ఒకటే మిగిలింది. పాఠ్యపుస్తకంలోని అర్ధజీవిత పట్టికకు బడి వెనక గుట్టే ఉదాహరణ.

విఘటనం చెందిన పొటాషియం-40లో పదింట తొమ్మిది వంతులు కాల్షియం-40 అవుతుంది, సుమారు ఒక వంతు ఆర్గాన్-40 అవుతుంది. రూపాయి, రెండు రూపాయల బిళ్లల జంట ఇక్కడ మళ్లీ గుర్తుకు రావాలి. గాలిలో ఉన్న ఆర్గాన్‌లో 99.6 శాతం ఇలా రాళ్లలో పుట్టి బయటపడ్డదే. దీనివల్ల ఆవర్తన పట్టికలో ఒక చిత్రం జరిగింది. ఆర్గాన్ పరమాణు సంఖ్య 18, పొటాషియంది 19. బరువు మాత్రం ఆర్గాన్‌కు 39.95, పొటాషియంకు 39.10. ముందున్నది బరువెక్కువ, వెనకున్నది తక్కువ. బరువుల వరసన మూలకాలను పేర్చినవాళ్లకు ఈ జంట తలనొప్పి తెచ్చింది. పొటాషియంలో తేలిక రకం ఎక్కువ, ఆర్గాన్‌లో బరువు రకం ఎక్కువ. అంతకుమించి రహస్యం లేదు.

నల్లగొండ జిల్లా లంబాపూర్, పెద్దగట్టు దగ్గర ఈ గ్రానైటు మీద శ్రీశైలం క్వార్ట్‌జైట్ శిల కప్పుకున్నచోట యురేనియం ఉంది. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే అణు ఖనిజాల సంచాలకత్వం దాన్ని గుర్తించింది. తవ్వకం ప్రతిపాదనపై 2003లో బహిరంగ విచారణ జరిగినప్పుడు నాగార్జునసాగర్ నీళ్ల భయంతో గట్టి వ్యతిరేకత వచ్చింది. అమ్రాబాద్ పీఠభూమి వంతు తరవాత వచ్చింది. 2019 సెప్టెంబరులో నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దంటూ తెలంగాణ శాసనసభ తీర్మానం చేసింది. ఆ వాదోపవాదాల్లో యురేనియం అన్న మాట ఊరూరా వినిపించింది గానీ అందులో రెండు రకాలున్నాయన్న సంగతి పెద్దగా వినిపించలేదు. వెయ్యి యురేనియం పరమాణువుల్లో 993 యురేనియం-238. తేలిగ్గా విచ్ఛిత్తి చెంది మామూలు రియాక్టరుకు ప్రాణం పోసే యురేనియం-235 ఏడే. సగటు 238.03. ఈ అంకెను చూస్తే ఆ ఏడు పరమాణువులు ఉన్నట్టే అనిపించవు. సగటు కొన్నిసార్లు ముఖ్యమైనదాన్నే కప్పేస్తుందని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

ఆ ఏడింటితోనే నెట్టుకొచ్చే రియాక్టర్లు భారతదేశంలో ఎక్కువ. వాటి ఇంధనాన్ని తయారుచేసేది 1971లో ఏర్పడ్డ హైదరాబాద్ అణు ఇంధన సముదాయం. అలా నడవాలంటే భారజలం కావాలి, అంటే డ్యుటీరియం నీళ్లు. అది గోదావరి ఒడ్డున మణుగూరులో తయారవుతుంది. ఆరువేల నాలుగు వందల్లో ఆ ఒక్క నల్ల బియ్యపు గింజను ఏరడమే అక్కడి ఫ్యాక్టరీ పని. భారజలం లీటరు 1.1 కిలోలు తూగుతుంది. దాని మంచుగడ్డ మామూలు నీళ్లలో మునిగిపోతుంది. ఐసోటోపుల రసాయనిక ప్రవర్తన ఒకటే అన్న మాట హైడ్రోజన్ దగ్గర కాస్త సడలుతుంది, ఎందుకంటే ఒకటికి రెండు అంటే రెట్టింపు బరువు.

బోర్లమీద బతికే ఈ ప్రాంతానికి మూడో హైడ్రోజనూ పనికొచ్చింది. వానాకాలానికి ముందు కొద్దిపాటి ట్రిటియం కలిపిన నీటిని వేళ్ల కింది లోతులో ఎక్కించి, వానలయ్యాక అది ఎంత కిందికి దిగిందో చూస్తే, పడ్డ వానలో భూగర్భానికి చేరింది ఎంతో తెలుస్తుంది. ఉప్పల్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఈ పద్ధతిని దక్కను గ్రానైటు నేలల్లో వాడింది.

జొన్నరొట్టె, వరియన్నం

ఇప్పటిదాకా సగటును స్థిరమైన అంకెలా చెప్పుకున్నాం. నిజానికి గుప్పెడు ఎక్కడ తీశామన్నదాన్నిబట్టి అది కదులుతుంది. 1914లో థియోడర్ రిచర్డ్స్ యురేనియం ఖనిజాల్లోంచి తీసిన సీసాన్ని, మామూలు సీసాన్ని తూస్తే బరువులు కలవలేదు. యురేనియం-238 చివరికి సీసం-206 అవుతుంది కాబట్టి అక్కడి సీసం తేలిక.

ఇదే పని మన అన్నం పళ్లెంలోనూ జరుగుతోంది. కార్బన్‌లో నూటికి 98.9 కార్బన్-12, మిగతాది కార్బన్-13. పంట మొక్కలు గాలిలోని బొగ్గుపులుసు వాయువును పట్టుకునే తీరు ప్రధానంగా రెండు రకాలు. వరి, కంది, పల్లి, ఆముదం, పత్తి ఒక రకం. జొన్న, సజ్జ, మక్క, చెరకు రెండో రకం. మొదటి రకం మొక్కలు బరువు కార్బన్‌ను ఎక్కువగా వదిలేస్తాయి. వరిలో వెయ్యి కార్బన్-13 పరమాణువులున్నచోట, అంతే కార్బన్ ఉన్న జొన్నలో దాదాపు వెయ్యి పదిహేను ఉంటాయి. ఆ తేడా తిన్నవాళ్ల వెంట్రుకల్లోకి, గోళ్లలోకి, ఎముకల్లోకి దిగుతుంది. జొన్న చొప్ప మేసిన బర్రె పాలూ, వరిగడ్డి మేసిన బర్రె పాలూ ఈ లెక్కన ఒకటి కావు. సాగర్ ఎడమ కాలువ కింద మూడు పూటలా అన్నం తినే హుజూర్‌నగర్ మనిషి వెంట్రుకను, జొన్నరొట్టె మానని నారాయణపేట పెద్దమనిషి వెంట్రుకను పక్కపక్కన పెట్టి యంత్రంలో వేస్తే ఎవరిది ఏదో చెప్పవచ్చు. తవ్వకాల్లో దొరికిన ఎముకలను బట్టి పాతకాలపు జనం ఏ తిండి తిన్నారో పురావస్తు శాస్త్రజ్ఞులు తేలుస్తున్నది ఇలాగే.

కొలిచే యంత్రాలు ఇంత సున్నితంగా తయారయ్యాక ఒక్క అంకెతో సర్దుకోవడం కుదరలేదు. అంతర్జాతీయ రసాయన శాస్త్ర సమాఖ్య 2010 చివర్లో హైడ్రోజన్, కార్బన్, ఆక్సిజన్, క్లోరిన్‌తో సహా పది మూలకాలకు పరమాణు భారాన్ని ఒక అంకెగా కాక ఒక పరిధిగా ప్రకటించింది. బడి పుస్తకాల్లో క్లోరిన్ ఇంకా 35.45గానే ఉంది. ప్రామాణిక పట్టికలో మాత్రం దాని గడిలో రెండు అంకెలున్నాయి, 35.446 ఒకటి, 35.457 ఇంకొకటి. కార్బన్ గడిలో 12.0096, 12.0116. జొన్నరొట్టె, వరియన్నం రెండూ ఆ రెండంకెల మధ్యే పడతాయి.